వేగాస్ కపుల్ ట్రిప్: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

లాస్ వేగాస్‌లో ఉంటూ మనవాళ్ళకి ట్రిప్పులు ప్లాన్ చేస్తుంటాను, చాలాసార్లు వ్యాన్ కూడా నేనే నడుపుతాను. డాలస్ నుంచో బే ఏరియా నుంచో వీకెండ్‌కి వచ్చే జంటలైనా, హైదరాబాద్ నుంచి హనీమూన్‌కి వచ్చేవాళ్ళైనా ఫోన్‌లో అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందరి భయం ఒక్కటే, క్యాసినోలో డబ్బులు పోతాయేమో అని. నేను చూసినంతవరకు రెండు మూడు రోజుల ట్రిప్‌ని పాడుచేసేది జూదం కాదండి, దూరాలు. దాని తర్వాత చిన్న అక్షరాల్లో రాసుండే ఫీజులు. అందుకే ఈ పోస్ట్.

అపోహ: గ్రాండ్ కాన్యన్ వేగాస్ పక్కనే, పొద్దున వెళ్ళి చూసేసి సాయంత్రం షోకి వచ్చేయొచ్చు.

ముందు ఏ గ్రాండ్ కాన్యన్ అని అడగాలి. క్యాలెండర్లలో, స్క్రీన్‌సేవర్లలో కనిపించేది సౌత్ రిమ్, అంటే లోయ దక్షిణపు అంచు, అది నేషనల్ పార్క్. వేగాస్ నుంచి సుమారు 280 మైళ్ళు, ఒకవైపుకే నాలుగున్నర గంటలు వేసుకోండి, అంటే రోజులో తొమ్మిది గంటలు కార్లోనే. గాజు వంతెన ఉన్నది వెస్ట్ రిమ్, అది రెండు రెండున్నర గంటల్లో వచ్చేస్తుంది కానీ నేషనల్ పార్క్ కాదు, హువాలపాయ్ అనే స్థానిక తెగ వాళ్ళ సొంత భూమి, మీ దగ్గరున్న నేషనల్ పార్క్స్ పాస్ అక్కడ చెల్లదు. గేట్ దగ్గర పాస్ చూపించి వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2007లో తెరిచిన ఆ గాజు వంతెన పేరే స్కైవాక్, దాని మీదకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, లాకర్‌లో పెట్టేసి, చెప్పుల మీద కవర్లు తొడుక్కుని నడవాలి, ఫొటో కావాలంటే వాళ్ళ ఫొటోగ్రాఫర్ తీసింది కొనుక్కోవాలి. "సెల్ఫీ కోసమే వచ్చాం కదండీ" అని అక్కడ మొహం మాడ్చుకోవడం కన్నా ముందే తెలుసుకుని రావడం నయం. నన్నడిగితే స్కైవాక్ టికెట్ మానేసినా ఫర్వాలేదు, వెస్ట్ రిమ్ ఎంట్రీ టికెట్‌తోనే షటిల్ బస్సు ఆగే గ్వానో పాయింట్ దగ్గర ఇంకో గంట కూర్చోండి, అడ్డంగా కంచె కూడా పెద్దగా ఉండదు, కింద కొలరాడో నది కనబడుతుంది. హెలికాప్టర్‌లో లోయ అడుగుకి దిగాలనుంటే అది కూడా ఈ హువాలపాయ్ వైపే, నేషనల్ పార్క్ లోపల దిగనివ్వరు.

మరి సౌత్ రిమ్ వద్దా అంటే, బ్రహ్మాండంగా వెళ్ళండి, కానీ ఒక రాత్రి అక్కడే ఉండేలా. సాయంత్రం ఎండ పడి రంగులు మారేదే అసలు చూడాల్సింది, డే ట్రిప్ బస్సులు సరిగ్గా ఆ టైమ్‌కే బయల్దేరిపోతాయి. ఇంకో మాట, 2026 నుంచి అమెరికాలో నివాసం లేని విజిటర్లకి గ్రాండ్ కాన్యన్, జయాన్ లాంటి 11 పెద్ద పార్కుల్లో మామూలు ఎంట్రీ మీద మనిషికి 100 డాలర్లు అదనం, కాబట్టి ఇండియా నుంచి వచ్చే జంటలు ఈ లెక్క ముందే వేసుకోండి.

అపోహ: ఫోన్ టైమ్ చూసుకుంటే చాలు.

వేగాస్ నెవాడాలో ఉంది, గ్రాండ్ కాన్యన్ అరిజోనాలో, జయాన్ యూటాలో. యూటా ఎప్పుడూ నెవాడా కన్నా గంట ముందే. అరిజోనా వాళ్ళు వేసవిలో గడియారం మార్చరు, అందుకని ఎండాకాలం వేగాస్‌తో సమానం, చలికాలం గంట ముందు. ఇది చాలదన్నట్టు అరిజోనాలోనే ఉన్న నవాహో తెగ వాళ్ళ భూమిలో మారుస్తారు. ఈ గొడవలో టూర్ మిస్సయ్యేది ఎక్కువగా ఆ నవాహో భూమిలోని ఇరుకు రాతి లోయ ఆంటెలోప్ కాన్యన్‌లో, ఎందుకంటే అక్కడికి సొంతంగా వెళ్ళలేం, నవాహో గైడ్‌తోనే, టైమ్ స్లాట్ ప్రకారమే పంపిస్తారు, ఆలస్యమైతే అంతే. అసలు ఆంటెలోప్ కూడా ఒకవైపుకి నాలుగున్నర గంటలు, రెండు రోజుల ట్రిప్‌లో దాన్ని ఇరికించకండి ప్లీజ్.

ఈ టైమ్ తేడా సరదాగా చూడాలంటే హూవర్ డ్యామ్‌కి వెళ్ళండి. డ్యామ్ మధ్యలోంచే రాష్ట్రాల సరిహద్దు పోతుంది, నీళ్ళలో నిలబడ్డ టవర్ల మీద రెండు గడియారాలు ఉంటాయి, ఒకటి నెవాడా టైమ్, ఒకటి అరిజోనా టైమ్, చలికాలంలో వెళ్తే రెండూ గంట తేడాతో తిరుగుతుంటాయి.

అపోహ: హూవర్ డ్యామ్‌లో ఏముంది, మన నాగార్జున సాగర్ చూశాం కదా.

సాగర్ పొడుగు, ఇది ఎత్తు. 726 అడుగుల కాంక్రీట్, ఇరుకు లోయలో వంచి కట్టారు, 1935లో ప్రారంభించారు. స్ట్రిప్ నుంచి, అంటే పెద్ద క్యాసినో హోటళ్ళన్నీ వరసగా ఉండే వేగాస్ మెయిన్ రోడ్డు నుంచి, ముప్పావు గంటే. చాలామంది డ్యామ్ పక్కన కట్టిన కొత్త హైవే బ్రిడ్జి మీద కారులో దూసుకుపోతూ డ్యామ్ ఏదీ అని వెతుకుతారు, కార్లోంచి కనబడదు, గోడ అడ్డం. పార్క్ చేసి బ్రిడ్జి మీదున్న నడకదారిలోకి ఎక్కితే అప్పుడు డ్యామ్ మొత్తం ఎదురుగా ఉంటుంది. దానికి టికెట్ లేదు.

అపోహ: దగ్గర్లో చూడ్డానికి ఇంకేం లేవు, అంతా ఇసుకే.

ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గంట దూరంలో వ్యాలీ ఆఫ్ ఫైర్ ఉంది, ఎర్రటి ఇసుకరాయి కొండలు, వేల ఏళ్ళ కిందటి వాళ్ళు రాతి మీద చెక్కిన బొమ్మలు, అదృష్టం బాగుంటే రోడ్డు పక్కన పెద్ద కొమ్ముల అడవి గొర్రెలు. సగం రోజు చాలు. అటు పడమరగా అరగంటలో రెడ్ రాక్ కాన్యన్, 13 మైళ్ళ లూప్ రోడ్డు, కారు దిగడానికి బద్ధకించే భర్తలకి సరిగ్గా సరిపోతుంది. అక్టోబర్ నుంచి మే దాకా మాత్రం టైమ్ స్లాట్ ముందుగా బుక్ చేసుకోవాలి, లేకపోతే గేట్ దగ్గరే వెనక్కి పంపేస్తారు. మండు వేసవిలో వ్యాలీ ఆఫ్ ఫైర్ ట్రైల్స్ కొన్ని మూసేస్తారు, మూయనివి కూడా పొద్దున్నే ముగించండి. 2024 జులైలో వేగాస్‌లో 120 ఫారన్‌హీట్, అంటే దాదాపు 49 సెల్సియస్ నమోదైంది. అలాగని ఎడారి అంటే ఎప్పుడూ ఎండే అనుకోకండి, సౌత్ రిమ్ 7000 అడుగుల ఎత్తులో ఉంది, డిసెంబర్‌లో మంచు పడుతుంది, పల్చటి చీరలో ఫొటోషూట్ పెట్టుకుని వణికిన వాళ్ళని చూశాను.

అపోహ: రూమ్ 40 డాలర్లే, వేగాస్ చీప్.

ఆదివారం నుంచి గురువారం దాకా నిజంగానే చవక. శుక్ర శనివారాలు, జనవరిలో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ఎగ్జిబిషన్, నవంబర్‌లో ఫార్ములా వన్ కార్ల రేసు అప్పుడు అదే రూమ్ రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. రూమ్ రేట్ మీద రిసార్ట్ ఫీ అని హోటల్ తప్పనిసరిగా వేసే రోజువారీ ఫీజు, దాని మీద ట్యాక్స్, చాలాచోట్ల రూమ్ కన్నా ఫీజే ఎక్కువ. 2025 మే నుంచి అమెరికాలో రూల్ మారింది, తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తమే ముందు చూపించాలి, కానీ పార్కింగ్ అందులో రాదు. రూమ్‌లో మినీబార్ దగ్గర చల్లగా ఉందా అని సీసా ఎత్తి చూడకండి, కొన్ని హోటళ్ళలో కింద సెన్సర్ ఉంటుంది, ఎత్తి కాసేపు ఉంచితే బిల్లు పడిపోతుంది.

అపోహ: షో టికెట్లు ఫ్రీగా ఇస్తున్నారు, తీసుకుంటే తప్పేంటి.

హోటల్ లాబీలో, మాల్ దారిలో చిన్న డెస్క్ పెట్టుకుని నవ్వుతూ "ఎన్ని రోజులుంటారు, పెళ్ళయిందా, ఇద్దరూ ఉద్యోగమేనా" అని అడుగుతారు. మొదటి ప్రశ్న మర్యాదకి, మిగతావి అర్హత కోసం. అది టైమ్‌షేర్ అమ్మకం, అంటే రిసార్ట్‌లో ఏటా కొన్ని రోజులు ఉండే హక్కుని మీకు అంటగట్టడం. ఆ ఫ్రీ టికెట్ కోసం భార్యాభర్తలిద్దరూ రెండు మూడు గంటలు సేల్స్ ప్రెజెంటేషన్‌లో కూర్చోవాలి, వద్దంటే ఇంకొకాయన వస్తాడు, ఆయన తర్వాత మేనేజర్. ఉన్నదే రెండు రోజులు, అందులో ఒక పూట పోతుంది. నడుస్తూనే "నో థ్యాంక్స్" అనేసి వెళ్ళిపోండి. స్ట్రిప్ మీద ఈకల డ్రెస్సుల వాళ్ళు భుజం మీద చెయ్యేస్తే కూడా అంతే, ఫొటో తర్వాత డబ్బులడుగుతారు.

అపోహ: చాలాసేపు జాక్‌పాట్ పడని స్లాట్ మెషీన్‌లో ఇక పడుతుంది.

పడొచ్చు, పడకపోవచ్చు, ఇంతకుముందు ఏమైందో దానికి గుర్తేం ఉండదు. ప్రతి స్పిన్ విడిగా ర్యాండమ్‌గా తేలుతుంది. సరదాకి ఆడాలంటే ఆడండి, కానీ టేబుల్ చదవండి. రూలెట్ చక్రంలో ఒక సున్నా ఉంటే హౌస్ వాటా, అంటే పందెంలో సగటున క్యాసినోకి మిగిలేది, 2.7 శాతం, రెండు సున్నాలుంటే 5.26, ఈ మధ్య స్ట్రిప్‌లో కనిపించే మూడు సున్నాల చక్రంలో 7.69. బ్లాక్‌జాక్ అనే పేకాట టేబుల్ గుడ్డ మీద 3 టు 2 అని ఉందో 6 టు 5 అని ఉందో చూడండి, 10 డాలర్ల పందెం మీద బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే 21) పడితే మొదటిదానిలో 15, రెండోదానిలో 12 వస్తాయి. ఇండియా నుంచి విజిటర్‌గా వచ్చినవాళ్ళకి స్లాట్‌లో పెద్ద జాక్‌పాట్ తగిలితే మెషీన్ లాక్ అయిపోతుంది, మనిషి వచ్చి ఫారం నింపించి 30 శాతం ట్యాక్స్ పట్టుకుని మిగతాది ఇస్తాడు.

అపోహ: నెవాడాలో గంజాయి లీగల్, మనకేం.

21 దాటినవాళ్ళకి రాష్ట్ర చట్టం ప్రకారం 2017 నుంచి లీగలే. ఫెడరల్ చట్టంలో కాదు, వీసా చూసేది ఫెడరల్ వాళ్ళు. హెచ్‌1బీ, గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళు దూరంగా ఉండడమే మంచిది. నేషనల్ పార్కుల్లో అయితే ఎవరికీ లీగల్ కాదు.

అపోహ: మూడు రోజులూ కారు ఉండాల్సిందే.

స్ట్రిప్ మీదున్న రోజు కారు దండగ. పెద్ద హోటళ్ళు చాలావాటిలో పార్కింగ్‌కి డబ్బులు, ఎదురుగా కనిపించే హోటలే కదా అని నడిస్తే అరగంట పడుతుంది, బిల్డింగులు అంత పెద్దవి కాబట్టి దగ్గరున్నట్టు అనిపిస్తాయి. బెలాజియో ఫౌంటెన్లు, లోపలి పూల కన్సర్వేటరీ, రెండూ ఉచితమే, ఆ చుట్టుపక్కలకి కాళ్ళు, స్ట్రిప్ మీద తిరిగే డ్యూస్ అనే సిటీ బస్సు చాలు. పాత వీడియోలు చూసి మిరాజ్ హోటల్ ముందుండే కృత్రిమ అగ్నిపర్వతం కోసం మాత్రం వెళ్ళకండి, ఆ హోటల్ 2024 జులైలోనే మూసేశారు. బయటికి వెళ్ళే ఒక్క రోజుకి కారు తీసుకోండి, పొద్దున తీసుకుని రాత్రికి అప్పగించేయండి, ఆ రోజు హూవర్ డ్యామ్, వ్యాలీ ఆఫ్ ఫైర్ కలిపి చూడొచ్చు, లేక్ మీడ్ ఒడ్డు రోడ్డు రెండింటినీ కలుపుతుంది. లాస్ ఏంజలస్ నుంచి సొంత కారులో వచ్చేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఐ-15 హైవే ఎక్కకండి, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, తిరుగు ప్రయాణం ఆదివారం తెల్లవారుజామున గానీ సోమవారం గానీ పెట్టుకోండి.