ఫ్యాటీ లివర్: ఆ గ్రేడు పక్కనబెట్టి నడుం కొలవండి

కావలి, కందుకూరు వైపు నుంచి ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు, అని రాసిన స్కానింగు రిపోర్టు పట్టుకొచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే అడుగుతారు: "ఏంది సార్, గ్రేడ్ టూ అంట. లివర్ పోయినట్టేనా?" గ్రేడ్ వన్ వాళ్ళయితే అసలు రారు. అందరికీ ఉండేదేగా అని రిపోర్టు బీరువాలో పడేస్తారు. నా భయమంతా వాళ్ళ గురించే.

అపోహ: గ్రేడ్ అంటే లివర్ ఎంత పాడైందో చెప్పే అంకె.

కాదు. అల్ట్రాసౌండ్‌లో లివర్ ఎంత తెల్లగా కనిపిస్తోందో చూసి రాసే అంచనా అది. కొవ్వు సంగతి చెబుతుంది, మచ్చల సంగతి చెప్పదు. లివర్‌ను చివరికి దెబ్బతీసేది ఆ మచ్చలే, అంటే ఫైబ్రోసిస్. గ్రేడ్ 1 మనిషికి అది ముదిరి ఉండొచ్చు, గ్రేడ్ 3 మనిషికి అసలు లేకపోవచ్చు. పైగా మచ్చలు ముదిరి లివర్ గట్టిపడే సిరోసిస్ దాకా వెళ్ళిన లివర్‌లో కొవ్వు తగ్గిపోవచ్చు కూడా. గ్రేడ్ దిగిందని అప్పుడు సంబరపడితే ఏం చెప్పాలి? లివర్ రక్తపరీక్ష ఎస్‌జీపీటీ నార్మల్ అన్న ధీమా కూడా చాలదు.

వయసు, ఎస్‌జీఓటీ (ఇదీ లివర్ రక్తపరీక్షే), ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగింటితో మచ్చల్ని అంచనా వేసే ఫిబ్-4 లెక్క కట్టించుకోండి. ఇటీవలి రక్తపరీక్షలుంటే పైసా ఖర్చు లేదు. 1.3 లోపు ఉంటే (65 ఏళ్ళు దాటితే 2 లోపు) ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. దాటితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. షుగర్ ఉన్నవాళ్ళు దీన్ని వాయిదా వేయొద్దు.

అపోహ: నేను లావు కాదు, రవ్వంత పొట్టే.

ఆ పొట్టే అసలు సమస్య. రొయ్యల గుంటలు చేసే ఒకాయన, కాళ్ళూ చేతులూ సన్నం. "ప్యాంటు పదేళ్ళుగా 34 ఏ సార్" అన్నాడు. నిజమే, ప్యాంటు పొట్ట కిందికి జారింది. టేపు పెడితే 98 సెంటీమీటర్లు! చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. మనవాళ్ళలో మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలి. ఆడవాళ్ళకు నెలసరి ఆగాక కొవ్వు తుంటి నుంచి నడుం మీదికి చేరుతుంది. పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉంటే ముందే మొదలవుతుంది.

అపోహ: మందు తాగేవాళ్ళకే వస్తుంది.

చుక్క ముట్టనివాళ్ళకూ వస్తుంది. "మా అత్తకు చెప్పొద్దు సార్, తాగుతున్నా అనుకుంటుంది" అని ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తనే పిలిపించి చెప్పాను. నడుం కొలిస్తే అత్తదే ఎక్కువ తేలింది.

అపోహ: లివర్ కడిగే పొడులున్నాయి.

లేవు. వాట్సాప్‌లో తిప్పతీగ కషాయం ఇంకా తిరుగుతూనే ఉంది. అది తాగి లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లోనే ప్రచురించారు.

పనిచేసేది బరువు తగ్గడం. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే కొవ్వు కరగడం మొదలవుతుంది, 8 తగ్గితే మచ్చలు కూడా తగ్గే అవకాశం ఉంది. చేపల పులుసు మానాలా అని అడగొద్దు. పులుసు బాగుందని మారు పెట్టించుకునే అన్నం మానండి.

ఇంకొకటి. లివర్‌కు చెడు చేస్తాయని కొలెస్ట్రాల్ మాత్రలు సొంతంగా ఆపేస్తున్నారు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళ ప్రాణం ఎక్కువగా తీసేది గుండెజబ్బే. డాక్టర్ని అడక్కుండా ఆ మాత్ర ఆపకండి.