ఏసీలో నిలబడే ఉద్యోగమే కదా! గిన్నెల షోరూం పని: అపోహలు - వాస్తవాలు

నల్గొండ ప్రకాశం బజార్‌లో ఒకప్పుడు స్టీలు సామాను దుకాణమంటే సేటు, ఇద్దరు పనివాళ్లు, ఒక కాంటా. ఇప్పుడు ఇక్కడా, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో ఏసీ షోరూంలు, యూనిఫాం, బార్‌కోడ్. అలాంటి ఒక చైన్‌లో నేను బ్రాంచి ఇన్‌ఛార్జిని. మా పని గురించి బయటివాళ్లూ, పై మేనేజర్లూ కూడా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి. పైన చేసిన నిర్ణయానికి ఖర్చు కింద నిలబడ్డవాళ్ల మీద వేయడానికే వాటిలో ఎక్కువ పనికొస్తాయి.

అపోహ: సామాను చూపించడమే, కష్టమేముంది?

వాస్తవం: చూపించడం పనిలో సగం కూడా కాదు. షట్టర్ ఎత్తగానే పొడిగుడ్డ పట్టుకోవాలి, నిన్నటి వేలిముద్రలన్నీ స్టీలు మీద అలాగే ఉంటాయి. లోడు దిగితే పెట్టెలు పైకి ఎక్కించాలి. పలచ అంచు గిన్నెలు విప్పేటప్పుడు వేళ్లు తెగుతాయి. మాఘమాసంలో పెండ్లి సామానుకు ఒక కుటుంబం వచ్చిందంటే బిందెలు, బగోనెలు, తలెలు అన్నీ కిందికి దిగాల్సిందే. వాళ్లు వెళ్లాక ఏ మూత ఏ గిన్నెదో జత చూసి సర్దడానికే గంట పడుతుంది. ఆ గంట ఎవరి టార్గెట్‌లోనూ కనిపించదు.

కస్టమర్ లేకపోయినా కూర్చోవద్దని ఇంకో రూలు. కెమెరాలో చూసి హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేస్తారు. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు దీని మీదే కొట్లాడారు. 2018లో అక్కడ, 2021లో తమిళనాడులో సిబ్బందికి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టం మార్చారు. ప్లాస్టిక్ స్టూలు ఖరీదు మేం అమ్మే మంచి నాన్‌స్టిక్ పెనం అంత కూడా ఉండదు.

అపోహ: ఎవరి చేతిలో పగిలితే వాళ్ల జీతంలో కట్.

వాస్తవం: చట్టం అలా అనదు. ఆ సరుకు ఆ మనిషికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి. నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరగాలి. కోసే ముందు అతను చెప్పేది వినాలి. నష్టం విలువకు మించి కోయకూడదు. గాజు డిన్నర్ సెట్లు దారి పక్కన, చిన్నపిల్లల చేతికందే ఎత్తులో పెట్టమని ర్యాకు ప్లాన్ పంపేది హెడ్డాఫీసు. పగిలితే మాత్రం ఫ్లోర్‌లో ఉన్నవాళ్లందరికీ తలా కొంత పంచుతారు, అదీ ఎమ్మార్పీ లెక్కన! షాపుకు పోయింది కొన్న ధరే కదా, మీద లాభం కూడా సేల్స్ పిల్లల దగ్గర వసూలు చేయడం ఏ న్యాయం? నా సలహా ఒకటే: పగిలిన ప్రతిదానికీ తేదీ, చోటు, ఎలా పగిలిందో రాసి పెట్టుకోండి.

అపోహ: మన బ్రాంచిలో ఎనిమిది మందే, పీఎఫ్ వర్తించదు.

వాస్తవం: తల లెక్క బ్రాంచికి కాదు, సంస్థకు. బ్రాంచీలన్నీ కలిపి ఒకే సంస్థ అని 1952 నాటి పీఎఫ్ చట్టంలోనే ఉంది. మొత్తం 20 మంది ఉంటే వర్తిస్తుంది. ఈఎస్ఐకి 10 మంది చాలు, నెల జీతం 21,000 దాటకూడదు. "పీఎఫ్ వద్దన్నా, చేతికి ఎక్కువొస్తే చాలు" అనే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లకు ఇలా చెబుతాను: 10,000 జీతంలో నీది 1,200 పోతే, యజమాని ఇంకో 1,200 కట్టాలి. ఈఎస్ఐకి నీ వాటా 75 రూపాయలే.

అపోహ: సీజన్‌లో టైం చూడకూడదు.

వాస్తవం: 1988 నాటి దుకాణాల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48. మించితే రెట్టింపు కూలి. రోజుకు పది గంటలు పని చేయించుకోవచ్చని 2025 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు చూపించి కొందరు బెదిరిస్తున్నారు, అందులో దుకాణాలు లేవు. రాత్రి ఆలస్యమైతే ఏం, ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అనేది ఇంకో వాదన. టికెట్ సంగతి సరే, దేవరకొండ వైపు ఆఖరి బస్సు వెళ్లిపోయాక ఏం ఎక్కాలి?

అపోహ: ఒకే కంపెనీ కుక్కర్ పదేపదే చూపించే అమ్మాయి షాపు మనిషి.

వాస్తవం: చాలాసార్లు కాదు. ఆమె ఆ బ్రాండు ప్రమోటర్, అంటే ఆ కంపెనీ సరుకు అమ్మడానికే మా షాపులో నిలబెట్టిన మనిషి, జీతం మధ్యలో ఉండే ఏజెన్సీ ఇస్తుంది. సెలవు కావాలంటే ఏజెన్సీని అడుక్కోమంటారు. స్టాక్ లెక్కపెట్టే రాత్రి మాత్రం మా మనిషే అంటారు.