రక్తం తక్కువైతే బొటనవేళ్లు కూడా చూడండి: ఫ్యాంకోని ఎనీమియా అపోహలు - వాస్తవాలు

కర్నూలులో పిల్లల రక్త జబ్బులు చూస్తుంటాను. ఫ్యాంకోని ఎనీమియా అంటే జన్యులోపం వల్ల మూలుగ (ఎముకల లోపల రక్తం తయారుచేసే మజ్జ) ఎండిపోయే జబ్బు. అరుదైనదే. కానీ మేనరికాలు ఎక్కువున్న మన సీమలో దీన్ని మరిచిపోతే బిడ్డకు ప్రమాదం.

అపోహ: రక్తం తక్కువైతే టానిక్ చాలు.
వాస్తవం: చాలామందిలో ఐరన్ లోపమే, మందుతో తగ్గుతుంది. హిమోగ్లోబిన్‌తో పాటు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతుంటే మాత్రం మూలుగ దెబ్బతిన్నదేమోనని చూడాలి. అప్పుడు నేను ముందు చేతులు చూస్తాను. బొటనవేలు మరీ సన్నగా ఉందా, అసలు లేదా? ఈడు పిల్లల కన్నా పొట్టా? ఒంటిమీద కాఫీ రంగు మచ్చలున్నాయా? ఇవేవీ లేకుండా జబ్బున్న పిల్లలూ ఉంటారు, కాబట్టి పరీక్షే తేల్చాలి. ఆకుపచ్చ మూత ట్యూబులో రక్తం తీసి పెద్ద ల్యాబుకు పంపిస్తాం. అక్కడ కణాలకు మైటోమైసిన్ లాంటి మందు కలిపి, క్రోమోజోములు ఎన్ని విరిగాయో మైక్రోస్కోపులో లెక్కపెడతారు. ఈ పిల్లల కణాలకు డీఎన్‌ఏ దెబ్బను సరిచేసుకునే శక్తి తక్కువ. మూలుగ ఎండిపోవడానికీ, క్యాన్సర్ రావడానికీ అదే కారణం.

అపోహ: మాది మేనరికం కాదు, మాకు రాదు.
వాస్తవం: తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఒకే లోపపు జన్యువు ఉంటే చాలు. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది, అంతే. ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది కదా, తర్వాతి బిడ్డకు రాదనుకోవద్దు.

అపోహ: మూలుగ మార్పిడికి అన్న మూలుగ మ్యాచ్ అయింది, ఇక ఆలస్యమెందుకు?
వాస్తవం: ఆగండమ్మా. పైకి ఆరోగ్యంగా కనిపించే ఆ అన్నకూ ఇదే జబ్బు ఉండొచ్చు. 1927లో గైడో ఫ్యాంకోని ఈ జబ్బును మొదట వర్ణించింది ముగ్గురు అన్నదమ్ముల్లోనే. దాతకూ అదే పరీక్ష చేయాల్సిందే. మార్పిడికి ముందు ఇచ్చే కీమో కూడా వీళ్లకు బాగా తగ్గించి ఇవ్వాలి, మామూలు డోసు ప్రాణం తీయొచ్చు. వేలూరుకు వెళ్లినా బెంగళూరుకు వెళ్లినా ఆ క్రోమోజోము పరీక్ష రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

అపోహ: మార్పిడి అయింది, క్యాన్సర్ భయం పోయింది.
వాస్తవం: బాగయ్యేది రక్తం. నోరు, నాలుక, గొంతు కణాల్లో లోపం అలాగే ఉంటుంది, చిన్న వయసులోనే అక్కడ క్యాన్సర్ రావచ్చు. గుట్కా, బీడీ జోలికి అసలు పోనివ్వకండి. ఆరు నెలలకోసారి నోరు చూపించండి. పుండు రెండు వారాల్లో మానకపోతే వెంటనే రండి. ఎక్స్‌రే, సీటీ స్కాన్ కిరణాలు కూడా డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి, అందుకే అవి అన్నప్పుడల్లా ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి.