గదిలో పదిమంది, లెక్కలో ఒక్కరు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

2020లో కరోనా వచ్చిన సంగతి మీలో పెద్దవాళ్ళకు లీలగా గుర్తుండవచ్చు. బడులు మూశారు, మూతులకు గుడ్డలు కట్టుకున్నాం. ఆ ఏడాది గల్ఫ్‌లోని ఖతార్‌లో, రెక్కలకష్టం చేసుకునే వలస కార్మికుల మధ్య ఆ వైరస్ ఎంతమేర పాకిందో ఈ ఉత్తరంలో చెబుతాను. ఎంతమందికి సోకిందన్న అంకె ఒక్కటే చెప్పి ఊరుకోను. ఆ అంకెను ఎలా లెక్కగట్టారో తెలిస్తేనే దాని బరువు తెలుస్తుంది.

ఖతార్ చిన్న దేశం. అప్పుడు అక్కడ ఉన్నది సుమారు 28 లక్షల మంది. వాళ్ళలో నూటికి 60 మంది దాకా ఒళ్ళు వంచి పనిచేసే వలస కార్మికులే. ఇనుప చువ్వలు వంచేవాళ్ళు, తాపీ మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు, వీధులు ఊడ్చేవాళ్ళు. ఎక్కువమంది భారత్, నేపాల్, బంగ్లాదేశ్‌ల నుంచి వెళ్ళినవాళ్ళు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎందరో మీకు తెలిసే ఉంటుంది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు, రోడ్లు కట్టింది ఇటువంటి చేతులే.

ఫిబ్రవరి నెలాఖరున అక్కడ మొదటి కేసు బయటపడింది. మార్చి 11న ఒకే నివాస సముదాయంలో 238 మందికి వైరస్ ఉన్నట్టు ఒక్కరోజే ప్రకటించారు. వారం తిరగకముందే, దోహాలో కార్మికుల క్యాంపులు ఎక్కువగా ఉండే ఇండస్ట్రియల్ ఏరియాలో కొంత భాగాన్ని మూసేశారు. అయినా అల ఆగలేదు. మే నెలాఖరుకు తారస్థాయికి చేరింది.

ఎందుకు ఆగలేదో తెలియాలంటే క్యాంపు గదిని చూడాలి. నాలుగు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిని ఊహించుకోండి. నేల 24 చదరపు మీటర్లు, లోపల పట్టే గాలి 72 ఘనపు మీటర్లు. ఒక్కో కార్మికుడికి కనీసం 6 చదరపు మీటర్లు ఇవ్వాలనీ, గదికి నలుగురిని మించి ఉంచకూడదనీ, మంచం మీద మంచం వేయకూడదనీ ఖతార్‌లో 2014 నుంచీ నిబంధన ఉంది. దాని ప్రకారం మన గదిలో ఉండాల్సింది నలుగురు. చాలా క్యాంపుల్లో ఉన్నది మాత్రం ఎనిమిది మంది, పదిమంది, రెండంతస్తుల మంచాల మీద.

ఇప్పుడు లెక్క కట్టండి. నిద్రలో ఉన్న మనిషి నిమిషానికి సుమారు 6 లీటర్ల గాలి పీల్చి వదులుతాడు. ఎనిమిది గంటలకు 2,880 లీటర్లు, అంటే దాదాపు 2.9 ఘనపు మీటర్లు. నలుగురైతే పదకొండున్నర. పదిమందైతే దాదాపు 29. గదిలో ఉన్నదే 72 కదా. కిటికీలు మూసి ఉంటే, తెల్లవారేసరికి ఆ గాలిలో అయిదింట రెండు వంతులంత ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి వచ్చినట్టే. ఒక్కడికి వైరస్ ఉంటే మిగతా తొమ్మిది మంది రాత్రంతా పీల్చేది దాన్నే. పై మంచం మీద పడుకున్నవాడికీ తప్పదు, ఊపిరితో వచ్చే వెచ్చని గాలి పైకే లేస్తుంది.

ఏసీ ఉంటుంది కదా అంటారేమో. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. మే నెల ఖతార్ ఎండల్లో కిటికీ తెరిచి పడుకోవడం ఎవరివల్లా కాదు. చల్లదనం కోసం తలుపులు బిగించుకున్న ఆ నెలల్లోనే వైరస్‌కు దారి సులువైంది.

ఇంకో చిన్న లెక్క. నలుగురున్న గదిలో ఎదురెదురు పడే జంటలు 6. పదిమంది ఉంటే 45. మనుషులు రెండున్నర రెట్లు పెరిగితే జంటలు ఏడున్నర రెట్లు పెరిగాయి. ఆ పదిమందీ తెల్లవారగానే ఒకే బస్సు ఎక్కి ఒకే సైటుకు పోరు. సైటులో వేరే క్యాంపులవాళ్ళు కలుస్తారు. సాయంత్రం తిరిగొచ్చి ఒకే వంటగది ముందు, ఒకే స్నానాల గది ముందు వరుస కడతారు. గదిని గదితో కలిపే దారం వంటిల్లు, క్యాంపును క్యాంపుతో కలిపే దారం బస్సు.

జ్వరం వచ్చినా చెప్పనివాళ్ళు ఉండేవారు. వాళ్ళను తప్పుపట్టకండి. వీసా కోసం చేసిన అప్పు నెత్తిన ఉన్నవాడికి ఒక్క రోజు హాజరు పోవడం చిన్న విషయం కాదు. పైగా ఈ వైరస్ జ్వరం కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్ళకు అంటుతుంది. అందుకే చెప్పినవాడిని చెప్పిన రోజునే వేరే గదిలో పెట్టినా ఆలస్యమే అయ్యేది.

ఇక ఎంతమందికి సోకిందన్న సంగతి. 2020 సెప్టెంబర్ మొదటి వారానికి ఖతార్‌లో అధికారికంగా తేలిన కేసులు సుమారు 1,20,000. జనాభాలో నూటికి నలుగురికి కాస్త పైన. అవన్నీ పీసీఆర్ పరీక్షలో దొరికినవి. ముక్కులో పుల్ల పెట్టి తీసిన నమూనాలో వైరస్ జన్యు పదార్థం ఉందా అని చూసే పరీక్ష అది. పాము ఇంట్లో ఉన్నప్పుడే పట్టుకోవడం లాంటిది. పాము వెళ్ళిపోయాక వెతికితే ఏమీ దొరకదు. రెండోది యాంటీబాడీ పరీక్ష. వైరస్‌తో పోరాడిన గుర్తులు రక్తంలో మిగిలాయా అని చూస్తారు. ఇది ఇసుకలో పాము చారిక వెతకడం. చారిక నెలల తరబడి ఉంటుంది, కానీ పాము వచ్చిన వెంటనే కనబడదు. ఏర్పడడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది.

2020 జులై 26 నుంచి సెప్టెంబర్ 9 వరకు ఖతార్ పరిశోధకులు 2,641 మంది కార్మికులకు ఈ రెండు పరీక్షలూ చేశారు. యాంటీబాడీలు కనబడ్డది నూటికి 55.3 మందిలో. ఈ అంకె దగ్గర ఆగిపోతే పొరపాటు. సోకి వారం కూడా కానివాళ్ళకు చారిక ఇంకా పడి ఉండదు కదా. అందుకే పీసీఆర్‌లో దొరికినవాళ్ళను కూడా కలిపారు. రెండింటిలో ఏదో ఒకటైనా పాజిటివ్ వచ్చినవాళ్ళు 60.6 శాతం. ఇక్కడా ఆగలేదు. ఏ యాంటీబాడీ పరీక్షా నూటికి నూరుమందిని పట్టదు, కొందరి రక్తంలో గుర్తు దానికి అందనంత పలచగా ఉంటుంది. అలా తప్పిపోయినవాళ్ళను అంచనా వేసి సరిచేస్తే 69.5 శాతం తేలింది. 60.6ను 69.5తో భాగించి చూడండి, 0.87 వస్తుంది. నిజంగా సోకిన ప్రతి వందమందిలో పదమూడు మంది పరీక్షలకు చిక్కలేదని అర్థం.

అదే సర్వేలో పీసీఆర్ పాజిటివ్ వచ్చింది 11.3 శాతం మందికి. వాళ్ళంతా అప్పుడు వైరస్ అంటిస్తున్నవాళ్ళేనా? కాదు. పీసీఆర్ యంత్రం జన్యు పదార్థాన్ని ఒక్కో చుట్టుకు రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఎన్నో చుట్టులో వైరస్ కనబడిందో ఆ సంఖ్యను సీటీ విలువ అంటారు. త్వరగా కనబడితే వైరస్ ఎక్కువ, ఆలస్యమైతే తక్కువ. పది చుట్టుల తేడా ఉంటే రెండును పదిసార్లు గుణించినంత, అంటే 1,024 రెట్ల తేడా. ఆ కార్మికుల్లో మధ్యస్థ సీటీ విలువ 34. పాజిటివ్ వచ్చినవాళ్ళలో 79.5 శాతం మందికి అది 30 దాటింది. చాలామందిలో మిగిలింది పోయిన జబ్బు తాలూకు తునకలే. పాజిటివ్ కాగితం చూసి ప్రతి ఒక్కరినీ ఒకే తీరుగా గదిలో బంధిస్తే జరిగే అన్యాయం ఇక్కడే ఉంది.

లక్షలమంది సంగతి 2,641 మందితో ఎలా తెలుస్తుంది? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక మెతుకు పట్టుకుంటారు కదా, అలాగే. ఎంత గురి ఉందో తెలుసుకోవడానికి మోటు సూత్రం ఒకటుంది. 2,641 వర్గమూలం 51 చిల్లర. ఒకటిని 51తో భాగిస్తే 0.02, అంటే రెండు శాతం అటూ ఇటూ. యాంటీబాడీల అంకె 55.3కు పరిశోధకులు చెప్పిన హద్దులు కూడా 53.3 నుంచి 57.3. కాకపోతే ఒక షరతు. గిన్నె అడుగున మాడి, పైన పలుకు ఉంటే ఒక్కచోట పట్టిన మెతుకు అబద్ధం చెబుతుంది. నమూనాలో ఒక దేశంవాళ్ళో ఒక వయసువాళ్ళో ఎక్కువ పడితే, మొత్తం కార్మికుల్లో వాళ్ళ వాటా ఎంతో చూసి తూకం సరిచేయాలి. అది చేయని సర్వే అంకెను నేను నమ్మను, మీరూ నమ్మకండి.

ఇప్పుడు గుణించండి. 28 లక్షల్లో 60 శాతం 16.8 లక్షలు. అందులో 69.5 శాతం సుమారు 11.7 లక్షలు. లెక్కకెక్కిన కేసులు దేశం మొత్తమ్మీద 1.2 లక్షలు. పదిమందికి సోకితే లెక్కలో పడింది ఒక్కరు.

సింగపూర్‌లో ఇంకో పద్ధతిలో కొలిచారు. అక్కడ డార్మిటరీల్లో ఉండే కార్మికులు సుమారు 3,23,000 మంది. గదికి 12 నుంచి 20 మంది. డార్మిటరీల పరిస్థితి ప్రమాదకరమని వలస కార్మికుల తరఫున పనిచేసే ట్రాన్సియెంట్ వర్కర్స్ కౌంట్ టూ అనే సంస్థ 2020 మార్చిలోనే హెచ్చరించింది. ఏప్రిల్ మొదటి వారంలో రెండు డార్మిటరీలను దిగ్బంధించారు, ఏప్రిల్ 20కి వచ్చేసరికి రోజుకు వెయ్యికి పైగా కేసులు. డిసెంబర్ మధ్యకు లెక్క ఇలా తేలింది: పీసీఆర్‌లో దొరికినవాళ్ళు 54,505, పీసీఆర్‌కు దొరకకుండా రక్తపరీక్షలో మాత్రమే బయటపడ్డవాళ్ళు 98,289. కలిపితే 47 శాతం. సింగపూర్ అంతటా పీసీఆర్‌లో తేలిన 58 వేల చిల్లర కేసుల్లో పదింట తొమ్మిది వీళ్ళవే. ఊరు ఒకటే, వైరస్ ఒకటే, పడుకునే గది మాత్రం వేరు. 2021లో కొత్త డార్మిటరీలకు నిబంధన మార్చారు: గదికి 12 మందికి మించకూడదు, మంచాల మధ్య మీటరు ఎడం, ఆరుగురికి ఒక మరుగుదొడ్డి.

ఇంతమందికి సోకినా చనిపోయినవాళ్ళు తక్కువ. ఖతార్ సర్వేలో తీవ్రదశకు వెళ్ళినవాళ్ళు ఏడుగురు, అత్యంత విషమ స్థితికి వెళ్ళింది ఒక్కరు. సింగపూర్ డార్మిటరీల్లో ఆ ఏడాది కోవిడ్ మరణాలుగా నమోదైనవి రెండే. వయసు కారణం. ఆరోగ్య పరీక్షలు నెగ్గితేనే వీసా ఇస్తారు, అందువల్ల అక్కడ ఉన్నది ఎక్కువగా పాతిక నుంచి నలభై అయిదేళ్ళ లోపు గట్టివాళ్ళు. కాబట్టి జబ్బు తేలికదని అనుకోవద్దు, ఇదే వైరస్ వాళ్ళ తల్లిదండ్రుల వయసువాళ్ళను ఎంతమందిని తీసుకుపోయిందో లోకం చూసింది.

అంతమందికి వచ్చిపోయింది కాబట్టి ఇక రాదని కొందరు తేల్చేశారు. కొంతవరకే నిజం. 2022లో ఖతార్ నుంచే వచ్చిన పరిశోధన ప్రకారం, ఒకసారి సోకినవాళ్ళకు మళ్ళీ సోకకుండా ఆల్ఫా రకం మీద 90 శాతం, డెల్టా మీద 92 శాతం రక్షణ ఉంది. ఒమిక్రాన్ వచ్చేసరికి అది 56 శాతానికి పడింది.

పదిమంది ఒకే గదిలో ఉండక తప్పనప్పుడు ఏం చేయాలో కూడా రాస్తాను. మంచాలు జరపలేకపోతే తలగడలు మార్చండి. ఒకరి తల వైపు పక్కవారి కాళ్ళు వచ్చేలా పడుకుంటే ముఖాల మధ్య దూరం మూడు నాలుగు అడుగులైనా పెరుగుతుంది. కిటికీలో ఫ్యాను పెడితే దాని ముఖం బయటికి ఉండాలి, ఎదురు తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి. తలుపు మూసేస్తే ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి మారదు. ఏసీ వాడక తప్పకపోతే గంటకోసారి పది నిమిషాలు తలుపూ కిటికీ రెండూ తెరవాలి. గాలి మారుతోందో లేదో కార్బన్ డయాక్సైడ్ మీటరు చెబుతుంది. ఆరుబయట 420 దరిదాపుల్లో చూపిస్తుంది, గదిలో 1,000 దాటితే ఊపిరి పేరుకుపోతున్నట్టే. జ్వరం వచ్చినవాడి వేలికి ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) పెట్టేముందు చేతులు రుద్ది వెచ్చబరచాలి, చల్లబడ్డ వేలు తక్కువ అంకె చూపించి అనవసరంగా భయపెడుతుంది. వెచ్చని వేలికి కూడా 94 కంటే తక్కువ చూపిస్తుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మీలో హాస్టల్లో ఉండేవాళ్ళు టేపు పట్టుకుని గది పొడవు వెడల్పులు కొలవండి. మంచాల సంఖ్యతో భాగిస్తే మనిషికి ఎన్ని చదరపు మీటర్లు వస్తోందో, కిటికీ పూర్తిగా తెరుచుకుంటుందో లేదో జవాబులో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య