కిమ్ కి-దుక్: సినిమా చదువు లేని దర్శకుడి చుట్టూ అపోహలు, వాస్తవాలు

ఫిల్మ్ స్కూల్లో సీటు రాని కుర్రాళ్లకీ, అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరే దారి దొరకనివాళ్లకీ ధైర్యం చెప్పాలంటే మనవాళ్లు ముందుగా ఎత్తే పేరు కిమ్ కి-దుక్. ప్రాథమిక బడి దాటి సరైన చదువు లేదు, ఎవరి దగ్గరా అసిస్టెంట్‌గా చేయలేదు, అయినా 2012లో 'పియెటా'తో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచాడు. వెనిస్, కాన్, బెర్లిన్ చలనచిత్రోత్సవాలు మూడింటిలో ఎక్కడైనా ఒక కొరియన్ సినిమాకి అత్యున్నత బహుమతి రావడం అదే మొదటిసారి. ధైర్యం చెప్పడం మంచిదే. కానీ ఆయన పేరు మీద చెలామణీ అవుతున్న మాటల్లో చాలావరకు సగం నిజాలు. వాటిని నమ్మి చిన్న సినిమా మొదలుపెడితే డబ్బు పోతుంది, ఒక్కోసారి మనుషులకే ప్రమాదం వస్తుంది.

ముందు పేరు సంగతి. కిమ్ ఇంటిపేరు, కి-దుక్ పెట్టినపేరు. మన పద్ధతే. ఇదే పేరుతో అంతకుముందు తరంలో ఇంకో కొరియన్ దర్శకుడు (1934–2017) ఉన్నాడు. 1967 నాటి రాకాసి జంతువు సినిమా 'యోంగారి' ఆయనది. ఆన్‌లైన్ జాబితాల్లో ఇద్దరి సినిమాలూ కలిసిపోతుంటాయి. ఇక్కడ చెబుతున్నది 1960 డిసెంబర్ 20న ఉత్తర గ్యోంగ్‌సాంగ్ రాష్ట్రంలోని బోంగ్‌హ్వాలో పుట్టి, 1996లో 'క్రొకడైల్'తో మొదలుపెట్టిన కిమ్ గురించి.

అపోహ: ఏమీ నేర్చుకోకుండానే దర్శకుడైపోయాడు

సినిమా బడికి వెళ్లలేదు, నిజమే. కానీ 'క్రొకడైల్' ముందు మూడేళ్లు ఆయన చేసిన పని చూడండి. పారిస్ వీధుల్లో బొమ్మలు అమ్ముకుని బతికి తిరిగొచ్చాక స్క్రిప్టు రాయడం నేర్పే సంస్థలో చేరాడు. 1993లో ఒక చిత్రకారుడూ ఒక ఉరిశిక్ష ఖైదీ కథతో ఆ సంస్థ బహుమతి గెలిచాడు. 1994లో 'డబుల్ ఎక్స్‌పోజర్' స్క్రిప్టుకి ప్రభుత్వ సినీ సంస్థ పోటీలో మూడో బహుమతి, 1995లో 'జేవాకింగ్'కి అదే పోటీలో మొదటి బహుమతి వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే మొదటి సినిమా. అంటే ఆయన లోపలికి వచ్చిన తలుపు స్క్రిప్టు పోటీ. కెమెరా పట్టుకుని తిరగడం కాదు, మూడేళ్లలో మూడు పూర్తి స్క్రిప్టులు ముగించి, గడువులోపు పంపి, తీర్పు తీసుకోవడం. 'మనకి చదువు అక్కర్లేదు' అనేవాళ్లు ఈ మూడేళ్లని లెక్కలోకి తీసుకోరు.

దానికంటే ముందుది కూడా చదువే. పదిహేడేళ్ల వయసు నుంచి ఫ్యాక్టరీల్లో పనిచేశాడు. ఇరవై ఏళ్లకి మెరైన్ దళంలో చేరి ఐదేళ్లు ఉన్నాడు. ఆ తర్వాత కొంతకాలం చూపులేనివాళ్ల చర్చిలో, పాస్టర్ కావాలన్న ఆలోచనతో గడిపాడు. 'పియెటా' జరిగేది సోల్‌లోని చోంగ్యేచోన్ ఇనుప వర్క్‌షాపుల్లో. ఇరుకు షెడ్డు, నూనె మరకల బల్ల, యంత్రం దగ్గర మనిషి ఎక్కడ నిలబడతాడు, చెయ్యి ఎక్కడ పెడతాడు, ఇవన్నీ ఆ సినిమాలో తప్పుపట్టలేనట్టు ఉండటానికి కారణం ఆయన కుర్రతనంలో ఆ పేటలోనే పనిచేయడం. ఎరగని పనిని తెరమీద చూపించాలంటే ఆర్ట్ డైరెక్టర్ మీద ఆధారపడాలి. ఎరిగిన పని అయితే ప్రాపర్టీ లిస్టు (సీన్‌కి కావలసిన వస్తువుల జాబితా) దర్శకుడి బుర్రలోనే ఉంటుంది.

అపోహ: పారిస్ వెళ్లి సినిమా చదివాడు

లేదు. 1990లో వెళ్లాడు, బొమ్మలు వేసి వీధిలో అమ్ముకుని బతికాడు. కళాశాల గడప తొక్కలేదు. ముప్పై దాటాక అక్కడే సినిమాలు చూడటం మొదలుపెట్టాడు. ఆయన ఫ్రేముల్లో కనిపించే చిత్రకారుడి కన్ను వీధిలో బొమ్మలు వేసిన చేతిది. 'బర్డ్‌కేజ్ ఇన్'లోనూ 'బ్యాడ్ గై'లోనూ ఆస్ట్రియా చిత్రకారుడు ఎగోన్ షీలె బొమ్మలు కథలోకే వచ్చి కూర్చుంటాయి.

అపోహ: 16 రోజుల్లో తీశాడంటే హడావుడిగా చుట్టేశాడు. మనమూ అలాగే చుట్టేయొచ్చు

'3-ఐరన్' (2004, కొరియన్‌లో 'బిన్-జిప్', ఖాళీ ఇల్లు అని అర్థం) షూటింగ్ 16 రోజులు, ఎడిటింగ్ 10 రోజులు. సినిమా నిడివి 88 నిమిషాలు. రోజుకి ఐదున్నర నిమిషాల తుది నిడివి వచ్చిందన్నమాట. పాటలూ ఫైట్లూ ఉన్న సినిమాలో రోజుకి రెండు నిమిషాలు వస్తే మంచి రోజు అనుకుంటాం. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో స్క్రిప్టులోనే కనిపిస్తుంది.

ఒకటి, మనుషులు తక్కువ. సినిమా ఎక్కువభాగం హీరో, హీరోయిన్ ఇద్దరి మీదే నడుస్తుంది. చాలామంది నటుల తేదీలు ఒకేసారి కుదుర్చుకునే గొడవ లేదు. రెండు, కథ ఇళ్లలో జరుగుతుంది: ధనవంతుడి బంగళా, ఫొటోగ్రాఫర్ ఇల్లు, బాక్సర్ ఇల్లు, పాతకాలపు హనోక్ ఇల్లు, చనిపోయిన ముసలాయన ఫ్లాటు, జైలు గది. ఒక ఇంట్లోకి వెళితే అక్కడి సీన్లన్నీ ముగించుకునే బయటికి రావచ్చు. సామాను విప్పి, లారీ ఎక్కించి, కొత్తచోట లైట్లు పెట్టేసరికి చిన్న యూనిట్‌కి కూడా రెండున్నర, మూడు గంటలు పోతాయి. పన్నెండు గంటల కాల్షీట్‌లో ఒక్కసారి చోటు మారడం అంటే పావు రోజు. మూడు, డైలాగ్ దాదాపు లేదు. హీరో సినిమా మొత్తంలో ఒక్క మాటా మాట్లాడడు. మాట మర్చిపోయి టేక్ పోవడం లేదు. వీధిలో హారన్ మోగినా చాలా షాట్లు బతికిపోతాయి.

మన దగ్గర 16 రోజుల షెడ్యూల్ ఎందుకు 30 రోజులవుతుందో కూడా ఇక్కడే ఉంది. స్క్రిప్టులో 22 లొకేషన్లు, 14 మంది మాట్లాడే పాత్రలు అలాగే ఉంచి, రోజులు మాత్రం కోస్తారు. అప్పుడు తెగేది కవరేజ్, అంటే ఒకే సీన్‌ని వేర్వేరు కోణాల్లో తీసుకునే షాట్లు. ఎడిటింగ్ టేబుల్ మీద రియాక్షన్ షాట్ లేదని తెలుస్తుంది, మిగిలిపోయిన షాట్లు తీయడానికి నాలుగు రోజుల ప్యాచ్‌వర్క్ పడుతుంది, ఈలోగా నటుడు గడ్డం తీసేసి ఉంటాడు. తిరగేసి లెక్క కట్టాలి. చేతిలో ఉన్న రోజుల్ని రోజుకి ఒక్క లొకేషన్ చొప్పున పరిచి, అందులో పట్టని సీన్లని కాగితం మీదే తీసేయాలి.

2000లో వచ్చిన 'రియల్ ఫిక్షన్'ని 3 గంటల 20 నిమిషాల్లో తీశాడన్నదీ నిజమే. చాలా కెమెరాలు ఒకేసారి తిప్పాడు, ఒక్కో ఘట్టానికి విడిగా దర్శకుల్ని పెట్టాడు. వ్యవధి తగ్గించినచోట మనుషుల్నీ ముందస్తు ఏర్పాట్లనీ పెంచాడు. ఫలితం మాత్రం ఆయన మంచి సినిమాల్లో ఒకటి కాదు.

అపోహ: మాటలు లేవు కాబట్టి స్క్రిప్టు అక్కర్లేదు

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. మాట తీసేస్తే ఆ సమాచారం వస్తువుల మీద పడుతుంది. '3-ఐరన్'లో హీరో తలుపుల మీద కరపత్రాలు అంటిస్తాడు. తర్వాత వచ్చి చూస్తే కరపత్రం ఇంకా ఉన్న ఇల్లు ఖాళీ అన్నమాట. ఒక్క కాగితం ముక్కతో కథ మొత్తానికి కావలసిన ఏర్పాటు పూర్తయింది. లోపలికి వెళ్లాక దొంగతనం చేయడు. బట్టలు ఉతుకుతాడు, పాడైన వస్తువు బాగుచేస్తాడు. మొదటి ఇంట్లో పేలని బొమ్మ తుపాకీ బాగుచేసి పెట్టి వెళితే, ఇంటికొచ్చిన పిల్లాడు దాన్ని తల్లిమీద పేలుస్తాడు. బాత్రూమ్‌లోని బరువు చూసే మిషన్ ముందు వస్తుంది, చివర్లో ఇద్దరూ దానిమీద నిలబడితే ముల్లు సున్నా దగ్గర ఉంటుంది. ఆ సున్నా అర్థం కావాలంటే మిషన్ ముందు కనిపించి తీరాలి, అదీ ప్రేక్షకుడికి గుర్తుండేలా.

అందుకని మాటల్లేని సినిమాకి మామూలు స్క్రిప్టు కంటే ఎక్కువ కాగితం పని ఉంటుంది. ఒక పట్టిక గీసుకోవాలి: ఎడమవైపు సీన్ నంబరు, మధ్యలో ఆ సీన్‌లో కొత్తగా తెలియాల్సిన ఒకే ఒక్క విషయం, కుడివైపు దాన్ని చెప్పే వస్తువు లేదా చేష్ట. కుడివైపు ఖాళీ ఉన్న సీన్‌కి డైలాగ్ కావాలి, లేకపోతే ఆ సీనే వద్దు. ప్రతి ముఖ్య వస్తువుకీ కనీసం రెండు నకళ్లు కొనాలి. ఆరో రోజు బొమ్మ విరిగి, అదే రంగుది బజార్లో దొరక్కపోతే కంటిన్యుటీ (షాట్‌కీ షాట్‌కీ పొంతన) పోయినట్టే. శబ్దం మాటకొస్తే, ప్రతి లొకేషన్‌లో మనుషులెవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకోవాలి. మాటల్లేని సినిమాలో ఆ నిమిషం లేకపోతే కట్ కట్‌కీ శబ్దం ఎగిరిపడి, ఎడిటింగ్ లోపం అన్నట్టు వినిపిస్తుంది.

అపోహ: నీటి మీద తేలే ఆ గుడి పాతకాలపు గుడి

'స్ప్రింగ్, సమ్మర్, ఫాల్, వింటర్... అండ్ స్ప్రింగ్' (2003) చూసి ఆ గుడికి వెళ్లాలనుకున్నవాళ్లు చాలామంది. అది సెట్టు. చెరువు మాత్రం నిజం: చోంగ్‌సోంగ్‌లో జువాంగ్‌సాన్ జాతీయ పార్కు లోపలి జుసాంజి. వ్యవసాయం కోసం 1720–21లో తవ్వించారు. నీళ్లలో నిలబడ్డ ముసలి విల్లో చెట్లు దాని గుర్తు. రక్షిత ప్రాంతం కాబట్టి పర్యావరణ శాఖని ఒప్పించడానికే నెలలు పట్టింది. షూటింగ్ అయ్యాక సెట్టు తీసేశారు. కథ అడిగిన రుతువుల కోసం ఏడాది పొడవునా ఆగి ఆగి తీశారు. ముసలి సన్యాసి పాత్ర ఓ యోంగ్-సు చేశాడు ('స్క్విడ్ గేమ్'లో తాత ఆయనే). చలికాలం భాగంలో నడివయసు సన్యాసి స్వయంగా కిమ్.

ఇలాంటి సెట్టు చెరువులో వేయాలనుకునేవాళ్లకి ఒక లెక్క. రెండొందల లీటర్ల డ్రమ్ము సగం మునిగితే నూరు కిలోలు మోస్తుంది, డ్రమ్ము సొంత బరువు పోను దాదాపు 80. సెట్టు మూడు టన్నులు, పదిమంది మనుషులూ కెమెరా సామానూ కలిపి ఒక టన్ను అనుకుంటే, 50 డ్రమ్ములు కావాలి. అందరూ ఒకేమూలకి చేరితే వాలిపోతుంది కనుక అంచుల వెంట ఎక్కువ పెట్టాలి. నాలుగు మూలలా లంగరు వేయకపోతే గాలికి సెట్టు తిరిగి, పొద్దున తీసిన షాట్‌లో వెనక ఉన్న కొండ మధ్యాహ్నానికి మాయమవుతుంది. గడ్డకట్టిన చెరువు మీద మనిషి నడవాలంటే గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలి. ప్రతి ఉదయం రంధ్రం చేసి కొలిచాకే నటుణ్ని పంపాలి.

అపోహ: కొరియా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది

సొంత దేశంలో ఆయన సినిమాలు చాలావరకు ఆడలేదు. 'బ్యాడ్ గై' సుమారు ఏడు లక్షల టికెట్లు, 'పియెటా' సుమారు ఆరు లక్షలు. మిగతావి ఎక్కువగా వేలల్లోనే. 2005లో 'ది బో' ఒకే ఒక్క థియేటర్లో వచ్చింది. అంతకుముందు ఏడాది 'స్ప్రింగ్...' అమెరికాలో దాదాపు 24 లక్షల డాలర్లు వసూలు చేసింది. 2013 డిసెంబర్‌లో తిరువనంతపురం చలనచిత్రోత్సవానికి వస్తే కేరళ ప్రేక్షకులు స్టార్ హీరోని చుట్టుముట్టినట్టు చుట్టుముట్టారు.

అందుకే డబ్బూ బయటినుంచే వచ్చింది. 'స్ప్రింగ్...'లో జర్మనీకి చెందిన పండోరా, '3-ఐరన్'లో జపాన్‌కి చెందిన హ్యాపినెట్ భాగస్వాములు. మాటలు తక్కువ ఉన్న సినిమా విదేశాల్లో సులువుగా అమ్ముడవుతుంది. కానీ కొనేవాళ్లు అడిగే సామగ్రి సిద్ధంగా ఉండాలి: డైలాగ్ లేకుండా సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ట్రాక్, టైమ్‌కోడ్‌తో సబ్‌టైటిల్ జాబితా, సెట్లో తీసిన మంచి స్టిల్స్, కథ హక్కుల ఒప్పందం, ప్రతి పాటకీ ప్రపంచవ్యాప్త హక్కు. '3-ఐరన్'లో మళ్లీమళ్లీ వినిపించే 'గఫ్సా' నటాషా అట్లస్ పాట. అలాంటి పాట హక్కు ఎడిటింగ్‌కి ముందే తీసుకోవాలి. సినిమా చలనచిత్రోత్సవానికి ఎంపికయ్యాక అడిగితే అవతలివాళ్లు చెప్పిందే ధర.

అపోహ: నిజంగా చేస్తేనే నిజంగా కనిపిస్తుంది

ఇక్కడ ఆయన్ని అనుసరించకండి. 'ది ఐల్' (2000)లో చేపల్ని హింసించిన దృశ్యాల వల్ల బ్రిటన్‌లో దాదాపు రెండు నిమిషాలు కత్తిరించారు. మన దేశంలో ఏ జంతువుని వాడాలన్నా షూటింగ్‌కి ముందే భారత జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలి. ఆ పత్రం లేకపోతే సెన్సార్ దగ్గర సినిమా ఆగిపోతుంది.

జంతువుల సంగతి అలా ఉంచితే, 2008లో 'డ్రీమ్' షూటింగ్‌లో ఉరి దృశ్యం తీస్తుండగా నటి ప్రాణం పోయేంత పనైంది. ఆ తర్వాత కిమ్ మూడేళ్లు కొండ గుడిసెలో ఒంటరిగా గడిపాడు. అలాంటి దృశ్యంలో బరువంతా ఒంటికి కట్టిన హార్నెస్ మీదే ఉండాలి. మెడ దగ్గరిది లాగితే ఊడిపోయేదై ఉండాలి. ఫైట్ మాస్టర్ కాకుండా, నటిని చూస్తూ ఉండటం తప్ప వేరే పనిలేని మనిషి ఒకరు పక్కనే ఉండాలి. ఆపమనే హక్కు ఆ మనిషికి ఉండాలి, దర్శకుడికంటే పైన.

అపోహ: 'అరిరంగ్' ఒక్కడే తీశాడు, కాబట్టి యూనిట్ దండగ

2011లో కాన్‌లో అన్ సర్టెన్ రిగార్డ్ విభాగం బహుమతి పంచుకున్న ఈ సినిమాలో కెమెరా, శబ్దం, ఎడిటింగ్, నటన అన్నీ ఆయనవే. ఒకే మనిషి, ఒకే గుడిసె, తనతో తనే మాట్లాడుకోవడం. ఆ పద్ధతి ఆ విషయానికి సరిపోయింది. ఆ కాలపు కానన్ 5డి మార్క్ 2 లాంటి కెమెరాలు దాదాపు 12 నిమిషాలకి రికార్డింగ్ ఆపేసేవి. ఒంటరిగా తీసుకునేవాళ్లు అది గమనించక మంచి మాటలు పోగొట్టుకున్నారు. ఆటోఫోకస్ ఆపి, కూర్చునే చోట కర్ర నిలబెట్టి ఫోకస్ పెట్టుకోవాలి, శబ్దం విడి రికార్డర్‌లో తీసుకోవాలి. రెండో పాత్ర వచ్చిందంటే ఈ పద్ధతి చెల్లదు.

మిగతా జీవితమంతా ఆయన యూనిట్‌తోనే పనిచేశాడు, ఆ యూనిట్ నుంచే దర్శకులు వచ్చారు. ఆయన సహాయకుడు జాంగ్ హున్ 2008లో 'రఫ్ కట్' తీశాడు, దాన్ని నిర్మించింది కిమ్. అదే జాంగ్ హున్ 2017లో 'ఎ టాక్సీ డ్రైవర్' తీశాడు.

అపోహ: ఆయన మీద వచ్చినవన్నీ అసూయపరుల పుకార్లు

కాదు. ఒక నటిని సెట్లో కొట్టినందుకు కోర్టు 50 లక్షల వోన్‌ల జరిమానా వేసింది. ఆమె చేసిన లైంగిక ఆరోపణలపై ఆధారాలు చాలవని కేసు నడవలేదు. 2018 మార్చిలో ఎంబీసీ టీవీ కార్యక్రమంలో మరికొందరు తీవ్రమైన లైంగిక హింస ఆరోపణలు చేశారు. ఆయన వేసిన పరువునష్టం దావా 2020లో ఓడిపోయింది. ఇవి ఆయన సినిమాల పక్కనే చెప్పాల్సిన వాస్తవాలు. ఎవరి కిందా పనిచేయని దర్శకుడికి సెట్లో 'వద్దు' అని చెప్పేవాళ్లు ఉండరు. ఆ లోటు కాగితం మీద పూడ్చాలి. సన్నిహిత దృశ్యంలో ఏది ఉంటుంది, ఏది ఉండదు అన్నది ఒప్పందంలో రాయాలి. సెట్లో ఎవరెవరు ఉంటారో ముందే జాబితా ఇవ్వాలి. రాసిన దానికి మించి సెట్లో అడగకూడదు. 'నటన రాబట్టడానికి' చెయ్యి చేసుకోవడం ఏ పద్ధతీ కాదు.

అపోహ: చివరి సినిమా ఆయనే పూర్తి చేశాడు

2020 డిసెంబర్ 11న, అరవై నిండటానికి తొమ్మిది రోజుల ముందు, లాత్వియా రాజధాని రీగాలో కోవిడ్‌తో చనిపోయాడు. 'కాల్ ఆఫ్ గాడ్' అప్పటికి పూర్తికాలేదు. స్నేహితులు పూర్తిచేసి 2022లో వెనిస్‌లో, పోటీకి బయట, ప్రదర్శించారు. దర్శకుడు లేకుండా ఒక సినిమా ముగియాలంటే ఫుటేజ్ మూడు నకళ్లుగా, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ప్రతిరోజూ ఏ టేక్ సరైనదో గుర్తుపెట్టిన షాట్ జాబితా కావాలి. చివరగా సరిచూసిన ఎడిట్ ఏదో తేదీతో సహా ఫైల్ పేరులోనే ఉండాలి.