ఆఫ్రికా సఫారీలో ఏనుగులను దగ్గరగా చూడటం: అపోహలు - వాస్తవాలు

తెలుగు కుటుంబాలకు ఆఫ్రికా సఫారీలు ఏర్పాటు చేయడం నా వృత్తి. ఫోన్ చేసినవారిలో ఎక్కువమంది ఏ నెలలో వెళ్ళాలన్న సంగతి ఎత్తకుండానే, "అన్నిటికంటే మంచి క్యాంపు ఏది? అక్కడైతే ఏనుగులు బాగా దగ్గరగా వస్తాయి కదా?" అని అడుగుతారు.

అపోహ: క్యాంపు ఖరీదు పెరిగేకొద్దీ ఏనుగు దగ్గరవుతుంది.

వాస్తవం: మనం కట్టే డబ్బు గదికీ, భోజనానికీ, మంచి గైడుకూ పనికొస్తుంది. ఏనుగును రప్పించేది మాత్రం నీరే. పెద్ద ఏనుగు రోజుకు వంద లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది కాబట్టి, అడవి ఎండిపోయినప్పుడు మిగిలిన నీటి దగ్గరకు రాక తప్పదు. వానలు పడి ప్రతి పల్లంలోనూ నీళ్ళు నిలిచినప్పుడు క్యాంపు ముందున్న నీటి గుంటతో దానికి పనిలేదు. జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ ఉద్యానం సుమారు 14,600 చదరపు కిలోమీటర్లు. వానలు లేని నెలల్లో అక్కడ ఎక్కువ గుంటలకు బోర్ల నీరే ఆధారం. జూలై నుంచి అక్టోబరు దాకా మందలన్నీ ఆ గుంటల చుట్టూ తిరుగుతాయి. నవంబరులో వానలు మొదలయ్యాక చెదిరిపోతాయి.

కొన్నేళ్ళ క్రితం ఒక రిటైర్డ్ ఉపాధ్యాయ దంపతులు, వేరొకరి మాట నమ్మి, సంక్రాంతి సెలవుల్లో అక్కడ ఎంతో ఖరీదైన క్యాంపులో నాలుగు రాత్రులు ఉండి వచ్చారు. వారికి కనిపించినవి దూరాన చెట్ల మధ్య రెండు ఏనుగుల వీపులు మాత్రమే. "మాకు రాసిపెట్టి లేదు బాబూ" అని ఆవిడ నాతో అన్నప్పుడు ప్రాణం చివుక్కుమంది. వారు దాచుకున్న సొమ్మంతా పోయింది తప్పు నెలను ఎంచుకోవడం వల్లనే, ఆ మాట చెప్పాల్సినవారు ముందే చెప్పకపోవడం వల్లనే.

అందుకే మన సెలవులను బట్టి చోటును మార్చుకోవాలి. దసరాకైతే హ్వాంగే, లేదా బోట్స్వానాలోని చోబే నదీతీరం సరిగ్గా సరిపోతాయి. చోబేలో సాయంత్రం పడవ ఇంజను ఆపేసి కూర్చుంటే, ఈదుతూ నది దాటే ఏనుగుల ఊపిరి కూడా వినిపిస్తుంది. సంక్రాంతికైతే కెన్యాలోని అంబోసెలీ మేలు; కిలిమంజారో పర్వతం నుంచి భూమి లోపలగా వచ్చే నీరు అక్కడి చిత్తడి నేలలను ఏడాది పొడవునా తడిపి ఉంచుతుంది, పైగా 1972 నుంచి పరిశోధకులు వెంట తిరుగుతున్న ఆ మందలకు వాహనాలంటే బెదురు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ పెద్ద వానలు కురుస్తాయి కాబట్టి వేసవి సెలవులకు నేను ఆ చోటు చెప్పను.

క్యాంపువారిని ఈత కొలను గురించి కాదు, గుంట గురించి అడగండి: ఆవరణలోనే ఉందా, మీరు వెళ్ళే నెలలో అందులో నీరుంటుందా, పక్కన దాక్కుని చూడటానికి నేలలోకి దించి కట్టిన మాటు ఉందా? ఒక సెప్టెంబరులో అలాంటి మాటులో కూర్చున్నాను. నా కళ్ళ ఎదురుగా ఉన్నది ఏనుగు ముఖం కాదు, పాదం. గోళ్ళ మధ్య ఇరుక్కున్న తడి బురద, తొండంలోకి నీరు లాగుతున్న గరగర, వెనుక కాళ్ళ సందున నక్కిన గున్న. చిన్న టార్చిలైటు వెలుగు పడేంత దగ్గరలో అంత పెద్ద ప్రాణం నిలబడితే, జూమ్ లెన్సుల మాటే గుర్తుకు రాలేదు.

అపోహ: డబ్బు ఎక్కువిస్తే గైడు ఇంకా దగ్గరకు తీసుకెళ్తాడు.

వాస్తవం: కెన్యా జాతీయ ఉద్యానాల్లో బాట దిగడం నిషిద్ధం. ఎక్కడైనా సరే, కణతల నుంచి మదం కారుతున్న మగ ఏనుగు కనిపిస్తే బండి వెనక్కి తీస్తారు. అప్పుడు గైడును బలవంతపెట్టకండి.

అపోహ: చెవులు ఊపితే దాడి చేయబోతున్నట్టే.

వాస్తవం: చాలాసార్లు అది ఒంటి వేడిని తగ్గించుకోవడానికే. వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసి పెద్దవారు భయపడుతుంటారు, వారి భయం నాకు అర్థమవుతుంది. బండిలో లేచి నిలబడకుండా, కేకలు వేయకుండా గైడు మాట వింటే చాలు.

కెన్యా వెళ్ళేవారు ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి, ధ్రువపత్రం లేకపోతే తిరిగి వచ్చాక ఇక్కడి విమానాశ్రయంలోనే ఇబ్బంది. మంచి గుంటలున్న క్యాంపుల్లో చాలావాటికి పది పన్నెండు గుడారాలకు మించి ఉండవు, అందువల్ల దసరాకు వెళ్ళదలచినవారు అంతకు ముందు దసరా నాటికే అడగడం మంచిది.