బ్యాకప్ సర్వర్‌కు మరో ఊళ్లో కాపీ: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, వరంగల్, కరీంనగర్‌లలోని ఆసుపత్రులకు, కాలేజీలకు, ఎనుమాముల మార్కెట్ దగ్గరి అడ్తి దుకాణాలకు సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. ఈ నాలుగైదేళ్లలో చాలాచోట్ల బ్యాకప్ సర్వర్ (అసలు డేటాకు నకలు దాచే యంత్రం) పెట్టుకోవడం అలవాటయింది గానీ, అందులో ఉన్నదానికి ఇంకో కాపీని వేరే ఊళ్లో ఉంచమంటే మాత్రం "బ్యాకప్‌కు మళ్లీ బ్యాకప్పా?" అని నవ్వుతారు. ఆ నవ్వు వెనుక నాకు తరచుగా ఎదురయ్యే నమ్మకాలు ఇవి.

అపోహ: బ్యాకప్ సర్వర్ పై అంతస్తులో ఉన్నది కాబట్టి వేరేచోట ఉన్నట్టే.

వాస్తవం: 2023 జులై చివరి వారపు వానలకు హనుమకొండలోని నయీంనగర్ నాలా పొంగినప్పుడు నేను చూసుకునే ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో సర్వర్లకు చుక్క నీరు తగలలేదు. కానీ సెల్లార్‌లోని యూపీఎస్, కరెంటు ప్యానెల్ మునిగిపోవడంతో అసలు సర్వర్, బ్యాకప్ సర్వర్ రెండూ నాలుగు రోజులు మూగపోయాయి. ఒకే భవనంలో ఉన్నవాటికి కరెంటు, పిడుగు, మంట, దొంగ అన్నీ ఉమ్మడే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరు ఖాతాదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు. పక్క వీధి కూడా సరిపోదు, ఎందుకంటే నయీంనగర్‌ను ముంచిన వానే హంటర్ రోడ్డునూ ముంచింది. అందువల్ల హనుమకొండ డేటాకు కాపీని కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో పెట్టమని చెబుతాను.

అపోహ: రోజూ రాత్రి సింక్ (ఇక్కడి మార్పులను అక్కడి కాపీలోకి చేర్చే పని) నడుస్తున్నది కాబట్టి దూరపు కాపీకి ఢోకా లేదు.

వాస్తవం: నా అనుభవంలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఇక్కడ తొలగించినదాన్ని అక్కడ కూడా తొలగించేలా సింక్‌ను అమర్చి ఉంటే, పొరపాటున చెరిపిన ఫోల్డర్ తెల్లవారేసరికి రెండు ఊళ్లలోనూ మాయమవుతుంది. నేను ఎక్కువగా వాడే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీనికి 'రిమూవ్ వానిష్డ్' అనే ఆప్షన్ ఉన్నది. దూరపు సర్వర్‌లో దాన్ని ఆపివేసి, ఏ కాపీని ఎన్నాళ్లు ఉంచాలనే లెక్కను అక్కడే విడిగా రాయాలి. డిస్క్ త్వరగా నిండుతుంది, నిజమే. కానీ డిస్క్‌ను కొనవచ్చు.

అంతకంటే ముఖ్యమైనది, కాపీని ఎవరు ఎవరి దగ్గరికి తీసుకువెళ్తున్నారన్నది. ఇక్కడి సర్వర్ అక్కడికి నెట్టే పద్ధతిలో దూరపు సర్వర్ పాస్‌వర్డ్ ఇక్కడే ఉంటుంది. ఆ ఖాతాకు చెరిపే అధికారం కూడా ఉంటే, ర్యాన్సమ్‌వేర్‌తో (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌తో) లోపలికి వచ్చినవాడు ముందుగా వెతికేది, చెరిపేది ఆ దూరపు కాపీనే. అందుకని కరీంనగర్ సర్వరే వచ్చి, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఖాతాతో లాక్కునిపోయేలా అమర్చి, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ హనుమకొండలో ఏ యంత్రంలోనూ లేకుండా చూడాలి. రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకునేవారికి మధ్యలో డెబ్బై కిలోమీటర్లు ఉన్నా ప్రయోజనం ఉండదు.

అపోహ: మన ఇంటర్నెట్‌కు అన్ని టెరాబైట్లు పోవు.

వాస్తవం: మొదటిసారి నిజంగానే పోవు. 4 టెరాబైట్లను 100 ఎంబీపీఎస్ లైను మీద, అదీ ఒక్క క్షణం కూడా తగ్గని వేగంతో పంపితే దాదాపు 89 గంటలు పడుతుంది. అందుకే దూరపు సర్వర్‌ను మొదట ఇక్కడికే తెచ్చి, లోపలి గిగాబిట్ నెట్‌వర్క్ మీద ఒక రాత్రి, అవసరమైతే మరో పూట నింపి, ఆ తర్వాత కారు వెనుక సీటులో దుప్పటి చుట్టి కరీంనగర్ తీసుకువెళ్తాను. అక్కడి నుంచి కొత్త ముక్కలే ప్రయాణిస్తాయి. వర్చువల్ మెషిన్ (ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్) డిస్క్‌ను ప్రాక్స్‌మాక్స్ సుమారు 4 మెగాబైట్ల ముక్కలుగా చూస్తుంది కనుక, రోజుకు 20 గిగాబైట్ల ముక్కలు మారితే అదే లైను మీద అరగంటలోపే వెళ్లిపోతాయి. లెక్క వేసేటప్పుడు ప్లాన్‌లో చెప్పిన డౌన్‌లోడ్ వేగాన్ని కాక అప్‌లోడ్ వేగాన్ని చూడాలి. డేటాబేస్ కాపీని ముందే జిప్ చేసి ఇవ్వకూడదు, ఎందుకంటే లోపల ఒక్క బిల్లు మారినా జిప్ ఫైలులో ఆ తర్వాతి భాగమంతా కొత్తదిగా కనిపించి, మొత్తం మళ్లీ పంపవలసి వస్తుంది.

అపోహ: కాపీ ఊరు దాటితే రోగుల వివరాలు బయటపడినట్టే.

వాస్తవం: పంపే యంత్రంలోనే ఎన్‌క్రిప్ట్ చేస్తే, అంటే కీ అనే రహస్య సంకేతం లేనిదే చదవలేని రూపంలోకి మారిస్తే, దూరపు సర్వర్‌ను ఎత్తుకుపోయినవాడికి కూడా వివరాలు చదవడం సాధ్యం కాదు. కీ పోతే మనకూ సాధ్యం కాదు. మొదటిసారి ఇది అమర్చినప్పుడు నేను ఆ కీని అసలు సర్వర్‌లో మాత్రమే ఉంచాను. అంటే పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్టు. పరీక్ష చేస్తున్న రోజు బయటపడింది కాబట్టి పరువు దక్కింది. ఇప్పుడు ఆ కీని కాగితం మీద ప్రింట్ తీసి, ఒకటి యజమాని బ్యాంకు లాకర్‌లో, ఒకటి కరీంనగర్‌లోని వారి బంధువుల ఇంట్లో ఉంచుతున్నాము.

అపోహ: స్క్రీన్ మీద పచ్చ టిక్కు వస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: ముక్కలు పాడవలేదన్నంత వరకే ఆ టిక్కు చెబుతుంది. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో అసలు డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు, వారు ఏర్పాటు చేసుకున్న ఐదు బ్యాకప్ పద్ధతుల్లో ఒక్కటీ సరిగా పనిచేయడం లేదని తేలింది. ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు చేత్తో తీసిన కాపీయే వారిని ఆదుకున్నది. మూడు నెలలకొకసారి దూరపు కాపీ నుంచే ఒక సర్వర్‌ను పూర్తిగా లేపి చూడాలి. అదే డయాగ్నస్టిక్ సెంటర్ కోసం ఈ పరీక్ష చేసినప్పుడు రిపోర్టులన్నీ చక్కగా వచ్చాయి గానీ, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. దాని లైసెన్స్ పాత కంప్యూటర్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉన్నది, కొత్తది ఇవ్వడానికి అమ్మినవారికి రెండు రోజులు పట్టింది. ఆ లైసెన్స్ నంబరును, అమ్మినవారి ఫోన్ నంబరును ఇప్పుడు కీ ఉన్న కాగితం వెనుకే పెన్నుతో రాసి పెట్టాము.